ఫార్మాట్ బటన్ నొక్కే ముందు

మూడు టెరాబైట్ల హార్డ్ డిస్క్‌ను బాగా పాత కేసింగ్‌లో బిగించి విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే, దాని సైజు 746 జీబీ అని కనిపించవచ్చు. డిస్క్ ఏ కంపెనీదైనా, కంప్యూటర్ ఎవరిదైనా ఈ అంకె మాత్రం మారదు. చూసినవాళ్లు డిస్క్ నకిలీదనో, సగం పాడైందనో అనుకుంటారు. పార్టిషన్లు తీసేసి మళ్లీ ఫార్మాట్ కొడితే సరిపోతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. కానీ పాడైన వస్తువు అందరి దగ్గరా ఒకే అంకె దగ్గర ఆగదు కదా! డిస్క్ నిక్షేపంగా ఉంది. తప్పింది లెక్క. ఎక్కడ తప్పిందో కాగితం, పెన్సిల్ తీసుకుని మనమే పట్టుకోవచ్చు.

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ అని మనం ఒకే వస్తువుగా పిలిచే దానిలో చాలావరకు రెండు వస్తువులుంటాయి. లోపల ఉండేది కంప్యూటర్లలో వాడే మామూలు డిస్కే. దానికి తెలిసింది సాటా పద్ధతి. బయటికి ఉండేది యూఎస్‌బీ. ఈ రెంటి మధ్య బ్రిడ్జ్ చిప్ అనే చిన్న చిప్ దుబాసీ పని చేస్తుంది. కంప్యూటర్ ఈ చిప్‌కు పంపే ఆదేశాలు యూఎస్‌బీ కంటే పాతవి. 1980లలో స్థిరపడిన స్కజీ అనే ప్రమాణం నుంచి వచ్చాయి. వాటిలో ఒకటి 'రీడ్ కెపాసిటీ', అంటే నీలో ఎంత చోటుంది అని అడగడం. జవాబుగా ఎనిమిది బైట్లు వస్తాయి. మొదటి నాలుగింటిలో చివరి సెక్టర్ (డిస్క్ చదివే, రాసే చిన్న ముక్క) నంబరు, తర్వాతి నాలుగింటిలో ఒక్కో సెక్టర్ సైజు.

నాలుగు బైట్లంటే 32 బిట్లు. అందులో పట్టే సెక్టర్ నంబర్లు 429,49,67,296. సెక్టర్‌కు 512 బైట్ల చొప్పున చూస్తే సుమారు 2.2 టెరాబైట్లు. మూడు టెరాబైట్ల డిస్క్‌లో ఉండే సెక్టర్లేమో 586,05,33,168. కొత్త చిప్ అయితే, ఇది ఈ గడిలో పట్టదని చెప్పడానికి నాలుగు బైట్లనూ పూర్తిగా ఒకట్లతో నింపి పంపుతుంది. కంప్యూటర్‌కు సంగతి అర్థమై, సెక్టర్ నంబరుకే ఎనిమిది బైట్లు కేటాయించే పెద్ద ఆదేశంతో మళ్లీ అడుగుతుంది. పాత చిప్‌కు ఈ మర్యాద తెలియదు. పట్టని పై బిట్‌ను వదిలేసి మిగిలింది చెప్పేస్తుంది. 586 కోట్లలోంచి 429 కోట్లు తీసేస్తే మిగిలేది 156,55,65,872. దాన్ని 512తో గుణించి, విండోస్ లెక్క ప్రకారం ఒక జీబీ అంటే 107,37,41,824 బైట్లు కాబట్టి ఆ సంఖ్యతో భాగించండి. 746.5 వస్తుంది. కేసింగ్ మార్చి కొత్తది కొంటే అదే డిస్క్ 2794 జీబీ చూపిస్తుంది. అట్టపెట్టె మీది మూడు టెరాబైట్లు ఇవే. కంపెనీ వెయ్యితో గుణించుకుంటూ పోతుంది, విండోస్ 1024తో. ఒక టెరాబైట్ డిస్క్ 931 జీబీగా కనిపించడానికీ ఇదే కారణం. అందులో మోసమేమీ లేదు.

ఈ ఒక్క ఉదాహరణ దగ్గర ఇంతసేపు ఆగడానికి కారణముంది. డిస్క్ పని చేయట్లేదు అన్న మాట వెనక ఒక వరస ఉంటుంది. ముందు కరెంటు అందాలి. తర్వాత యూఎస్‌బీ పలకరింపు జరగాలి. ఆ తర్వాత సైజు, ఆపైన పార్టిషన్ల పట్టిక, చివరికి ఫైల్ సిస్టమ్. వీటిలో ప్రతి ఒక్కటీ వేరే కాలంలో, వేరే మనుషులు రాసుకున్న ఒప్పందం. ఏ మెట్టు దగ్గర మాట ఆగిందో దాన్నిబట్టి లక్షణం మారుతుంది. కంప్యూటర్ తెర మీద వేసే సందేశం తాను ఎక్కడ ఆగిపోయిందో చెబుతుంది తప్ప ఏది చెడిందో చెప్పదు. ఈ తేడా తెలియక మన ఇళ్లలో ఎన్నో పెళ్లి వీడియోలు, పోయినవాళ్ల ఫొటోలు బతికుండగానే చెరిగిపోయాయి.

కరెంటుతోనే మొదలుపెడదాం. చాలా కేసుల్లో చిక్కు ఇక్కడే ఉంటుంది. 1996 జనవరిలో యూఎస్‌బీ మొదటి వెర్షన్ వచ్చినప్పుడు దాన్ని తీర్చిదిద్దినవాళ్ల మనసులో ఉన్నవి కీబోర్డులు, మౌస్‌లు, ప్రింటర్లు. ఇంటెల్‌లో ఆ పనికి ముందు నిలిచిన అజయ్ భట్ బరోడా మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఇంజనీరు. ఏ పరికరాన్నయినా ఒకే రకం ప్లగ్‌తో ఎవరైనా తగిలించుకోగలగాలన్నది వాళ్ల తపన. ఆ ప్లగ్ నుంచే కరెంటు తీసుకుని ఒక మోటారు నిమిషానికి 5400 చుట్లు తిరగడం అప్పటి ప్రధాన అవసరం కాదు. యూఎస్‌బీ 2.0 పోర్ట్ దగ్గర, పరికరం తానెవరో చెప్పుకోక ముందు తీసుకోదగ్గది 100 మిల్లీఆంపియర్లు. చెప్పుకుని అనుమతి పొందాక 500. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0లో ఇది 900కు పెరిగింది. జేబులో పట్టే రెండున్నర అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టే ఆ ఒకటి రెండు సెకన్లలో లాగేది సుమారు ఒక ఆంపియర్. బోరు మోటారు ఆన్ చేయగానే ఇంట్లో లైట్లు ఒక్క క్షణం మసకబారడం చూశారుగా, ఇక్కడా జరిగేది అదే. ఆగి ఉన్న మోటారులో కరెంటుకు ఎదురునిలిచే వోల్టేజీ ఇంకా పుట్టదు, అందుకే మొదట్లో ఎక్కువ లాగుతుంది. వేగం అందుకున్నాక శాంతిస్తుంది.

దీనికి కేబుల్ తోడవుతుంది. చవక కేబుళ్లలో కరెంటు తీగ సన్నగా ఉంటుంది. అలాంటి రాగి తీగ మీటరుకు దాదాపు 0.2 ఓం అడ్డు పెడుతుంది. మీటరు పొడవు కేబుల్‌లో కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి 0.4 ఓం. ఒక ఆంపియర్ పారితే 0.4 వోల్టులు దారిలోనే ఖర్చు. పోర్ట్ దగ్గర 5 వోల్టులుంటే డిస్క్‌కు చేరేది 4.6. చాలా డిస్కులు 5 శాతం తేడా వరకే, అంటే 4.75 దాకానే ఓర్చుకుంటాయి. అంతకంటే తగ్గగానే డిస్క్ లోపలి సర్క్యూట్ మళ్లీ మొదటికొస్తుంది, చదివే హెడ్ వెనక్కి వెళ్తుంది, మోటారు మళ్లీ ప్రయత్నిస్తుంది. బయటికి మనకు వినిపించేది 'టిక్, టిక్' చప్పుడు. లైటు వెలుగుతుంది, ఆరుతుంది.

ఈ చప్పుడు వినగానే డిస్క్ చనిపోయిందని తేల్చేయకండి. పొట్టి కేబుల్ పెట్టి చూడండి. డెస్క్‌టాప్ అయితే ముందు పోర్టులు వదిలి వెనక, మదర్‌బోర్డుకు నేరుగా ఉన్న పోర్టులో పెట్టండి. ముందు పోర్టులకు క్యాబినెట్ లోపల మరో తీగ ఉంటుంది, అక్కడా కొంత పోతుంది. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ దొరికితే ఇంకా మంచిది. కంప్యూటర్‌లో ఆడే డిస్క్ పాత టీవీ వెనక మూలగడానికి కూడా సాధారణంగా కారణం ఇదే. అయితే కరెంటు పుష్కలంగా అందాక కూడా ఆ టిక్ టిక్ ఆగకపోతే, ముఖ్యంగా డిస్క్ కింద పడిన తర్వాత మొదలైతే, వెంటనే తీసేయండి. హెడ్, డిస్క్ లోపల తిరిగే పళ్లెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ చదువుతుంది. దెబ్బతిన్న హెడ్‌తో తిప్పిన కొద్దీ పళ్లెం గీసుకుపోతుంది. అప్పుడు కావలసింది దుమ్ము లేని గదిలో డిస్క్ విప్పగలిగే డేటా రికవరీ ల్యాబ్.

పెద్ద డిస్కులకు, అంటే మూడున్నర అంగుళాల వాటికి విడిగా 12 వోల్టుల అడాప్టర్ వస్తుంది. లాప్‌టాప్ అడాప్టర్ 19 వోల్టులు. రెండింటి పిన్నూ ఒక్కోసారి ఒకే మాదిరిగా ఉండి, దీనిది దానికి దూరిపోతుందని చాలామందికి తట్టదు. అడాప్టర్ మీద దాని డిస్క్ పేరు రాసి అతికించుకోవడం అరనిమిషం పని.

రెండో మెట్టు పలకరింపు. ప్లగ్‌ను కాస్త పరీక్షగా చూస్తే కరెంటు తాలూకు రెండు బయటి పట్టీలు, మధ్యలోని డేటా పట్టీల కంటే పొడవుగా కనిపిస్తాయి. ముందు కరెంటు తగలాలి, తర్వాతే మాటలు మొదలవ్వాలని అలా చేశారు. పరికరం రెండు డేటా తీగల్లో ఒకదాన్ని 1500 ఓంల రెసిస్టర్ ద్వారా పైకి లాగి తాను వచ్చానని తెలియజేస్తుంది. అప్పుడు కంప్యూటర్ తయారీదారు సంఖ్య, పరికరం సంఖ్య, ఎంత కరెంటు కావాలి, ఏ తరగతి పరికరం అని వివరాలు అడుగుతుంది. 'యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్' అనే సందేశం వచ్చిందంటే ఈ వివరాలే సరిగా అందలేదన్నమాట. కంప్యూటర్ ఇంకా డిస్క్ దాకా వెళ్లనే లేదు. కాబట్టి ఫైళ్ల గురించి భయపడాల్సిన సమయం కాదిది. కేబుల్, పోర్ట్, కేసింగ్ బోర్డు, ఈ మూడింటిలోనే వెతకాలి. ఏ సందేశమూ రాకపోతే కేబుల్‌లో డేటా తీగలే లేకపోవచ్చు. ఛార్జింగ్ కోసమే చేసినవి చూడ్డానికి మామూలు వాటిలాగే ఉంటాయి.

యూఎస్‌బీ 3.0 ప్లగ్‌లో పాత నాలుగు పట్టీలతో పాటు లోపలి వైపు మరో ఐదు ఉంటాయి. ప్లగ్‌ను నింపాదిగా లోపలికి నెడితే పాత నాలుగూ ముందు తగిలి, కంప్యూటర్ దాన్ని పాత తరం పరికరంగా లెక్కేసుకోవచ్చు. డిస్క్ పని చేస్తుంది, కాపీ మాత్రం సెకనుకు 30, 40 మెగాబైట్ల దగ్గర కుంటుతుంది. తీసి చటుక్కున గుచ్చితే వందకు పైగా వస్తుంది. అలాగే, ఇలాంటి డిస్క్ తగిలించగానే వైర్‌లెస్ మౌస్ తడబడటం మొదలుపెడితే మౌస్‌ను తిట్టకండి. యూఎస్‌బీ 3.0 సంకేతాల నుంచి వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా పడుతుందని ఇంటెలే 2012లో ఒక పత్రంలో వివరించింది. మౌస్ రిసీవర్‌ను దూరంగా ఉన్న పోర్టులోకి మారిస్తే చాలు.

ఈ రెండు మెట్లూ దాటాక సైజు, పార్టిషన్ల పట్టిక. 746 సంగతి చూశాం. అదే 32 బిట్ల గోడ పట్టికలో కూడా ఉంది. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీతో పాటు పీసీ డాస్ 2.0 వచ్చినప్పుడు, ఆ కంప్యూటర్ హార్డ్ డిస్క్ పది మెగాబైట్లు. మొదటి సెక్టర్‌లోని 512 బైట్లలో 64 బైట్లు కేటాయించి నాలుగు వరసల పట్టిక రాశారు. ఒక్కో వరసలో పార్టిషన్ ఎక్కడ మొదలైంది, ఎంత పొడవు అని నాలుగేసి బైట్ల అంకెలు. పది మెగాబైట్ల కాలంలో 2.2 టెరాబైట్ల దాకా లెక్కపెట్టగల చోటు వదలడం గొప్ప ముందుచూపే. ఎంబీఆర్ అని పిలిచే ఆ పట్టిక పాతికేళ్లకు పైగా నిలిచింది. తర్వాత వచ్చిన జీపీటీ పట్టికలో అంకెలు 64 బిట్లవి. ఇప్పట్లో నిండేవి కావు. కానీ 32 బిట్ల విండోస్ ఎక్స్‌పీకి జీపీటీ చదవడం రాదు.

2010 ప్రాంతంలో మూడు టెరాబైట్ల డిస్కులు బజారులోకి వచ్చేసరికి ఎక్స్‌పీ కంప్యూటర్లు ఇంకా ఎక్కడ చూసినా ఉన్నాయి. కేసింగ్ తయారీదారులు దీనికొక తెలివైన ఉపాయం కనిపెట్టారు. బ్రిడ్జ్ చిప్ కంప్యూటర్‌తో నా సెక్టర్ 512 బైట్లు కాదు, 4096 బైట్లు అని చెబుతుంది. సెక్టర్ ఎనిమిది రెట్లు పెద్దదైతే అదే 32 బిట్ల పట్టికలో ఎనిమిది రెట్ల డిస్క్ పడుతుంది. ఎక్స్‌పీ సంతోషంగా మూడు టెరాబైట్లూ వాడుకుంటుంది. నాకు ఈ ఉపాయం చాలా ఇష్టం, కానీ దీని మూల్యం తర్వాతెప్పుడో, వేరెవరో చెల్లించారు.

కొన్నేళ్లకు కేసింగ్ పోర్ట్ లూజవుతుంది. ఇంట్లో కాస్త పని తెలిసిన పిల్లవాడు కేసింగ్ విప్పి, లోపలి డిస్క్‌ను డెస్క్‌టాప్‌లో నేరుగా సాటా కేబుల్‌కు తగిలిస్తాడు. ఆలోచన సరైనదే. కానీ ఇప్పుడు మధ్యలో ఆ చిప్ లేదు, సెక్టర్ మళ్లీ 512 బైట్లయింది. పట్టికలో పార్టిషన్ 256వ సెక్టర్ దగ్గర మొదలైందని రాసి ఉందనుకోండి. కేసింగ్‌లో ఉన్నప్పుడు దాని అర్థం 256 సార్లు 4096, అంటే 10,48,576వ బైట్. ఇప్పుడు 256 సార్లు 512, అంటే 1,31,072వ బైట్. కంప్యూటర్ అక్కడికి వెళ్లి చూస్తే ఫైల్ సిస్టమ్ ఆనవాలే ఉండదు. పొడవు కూడా ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మూడు టెరాబైట్ల డిస్క్‌లో 349 జీబీ పార్టిషన్ ఒకటి, అదీ ఫైల్ సిస్టమ్ లేకుండా కనిపిస్తే గుర్తుపట్టాల్సింది ఇదే. ఫైళ్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి, కొలత కర్ర మారిందంతే. అదే మోడల్ కేసింగ్ ఇంకొకటి సంపాదిస్తే తెరుచుకుంటాయి. లినక్స్ తెలిసినవాళ్లయితే పార్టిషన్ 10,48,576వ బైట్ దగ్గర మొదలైందని చేత్తో చెప్పి, చదవడానికి మాత్రమే తెరవొచ్చు. కొన్ని కేసింగుల్లోనైతే బ్రిడ్జ్ చిప్ రాసే ప్రతి బైట్‌నూ రహస్య లిపిలోకి మార్చి డిస్క్‌కు పంపుతుంది. పాస్‌వర్డ్ పెట్టకపోయినా మారుస్తుంది. అలాంటి డిస్క్‌ను విడదీస్తే అర్థంలేని అంకెలే కనిపిస్తాయి. అందుకని పాత కేసింగ్‌ను, దాని బోర్డును చెత్తలో వేయొద్దు.

ఇక ఫైల్ సిస్టమ్. ఎక్కువమంది తడబడేది ఇక్కడే అయినా నిజానికి ఇది తేలిక మెట్టు. పెళ్లి వీడియో తీసినతను తన విండోస్ కంప్యూటర్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ మీదికి అంతా ఎక్కించి ఇస్తాడు. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన పద్ధతి అది. అమెరికాలో ఉన్న కొడుకు దాన్ని తీసుకెళ్లి మ్యాక్‌లో పెడితే వీడియో చక్కగా ఆడుతుంది. అదే డిస్క్‌లోకి తన పిల్లల ఫొటోలు వేసి పంపుదామంటే మాత్రం కాపీ కాదు. మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదువుతుంది కానీ మామూలుగా దానిమీద రాయదు. ఎలాగూ ఎక్కట్లేదని అతను మరో డిస్క్‌ను మ్యాక్ పద్ధతిలో, అంటే 2017 నుంచి ఆపిల్ వాడుతున్న ఏపీఎఫ్‌ఎస్‌లో తయారుచేసి పంపితే, ఇక్కడ నాన్నగారి విండోస్ కంప్యూటర్‌లో ఆ డిస్క్‌కు డ్రైవ్ అక్షరమే రాదు. లేదా వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలని అడుగుతుంది.

ఆ ప్రశ్నను సరిగా అర్థం చేసుకోవాలి. డిస్క్ మీద ఉన్నది నాకు తెలిసిన ఏ పద్ధతిలోనూ లేదు, నాకు తెలిసిన పద్ధతిలో కొత్తగా ఖాళీ పట్టిక రాసేయమంటావా అని విండోస్ అడుగుతోంది. అది చికిత్స కాదు. డిస్క్‌లో ఏమీ లేదనీ అనడం లేదు. 'క్యాన్సిల్' కొట్టి, విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. డిస్క్ సైజు సరిగా ఉందా, పార్టిషన్ కనిపిస్తోందా, కనిపిస్తే దాని పక్కన ఏ ఫైల్ సిస్టమ్ పేరుంది, అక్షరం కేటాయించారా అనేది అక్కడ తెలుస్తుంది. అంతా బాగుండి అక్షరం ఒక్కటే లేకపోతే, కుడి క్లిక్‌తో ఇచ్చేయొచ్చు. సైజు తేడాగా ఉంటే కేసింగ్‌ను అనుమానించాలి. 'రా' (RAW) అని కనిపిస్తే పట్టిక చెడింది లేదా ఆ పద్ధతి విండోస్‌కు తెలియదు. 'ఇనిషియలైజ్' చేయమని అడిగితే దానికీ ఒప్పుకోవద్దు.

రెండు వైపులా తిరిగే డిస్క్‌కు ఎక్స్‌ఫ్యాట్ బాగా సరిపోతుంది. మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చిన ఈ పద్ధతిని మ్యాక్ కూడా చదువుతుంది, రాస్తుంది. 2019 ఆగస్టులో దాని వివరాలను బహిరంగంగా ప్రచురించాక, అదే ఏడాది నవంబరులో లినక్స్ కెర్నెల్‌లోకి కూడా చేరింది. అంతకు ముందు వాడుకలో ఉన్న ఫ్యాట్32ను దాదాపు ఏ పరికరమైనా ఒప్పుకుంటుంది కానీ, ఒక ఫైల్ నాలుగు జీబీకి చేరకూడదు. ఇక్కడా కారణం నాలుగు బైట్ల గడే. డిస్క్ నిండా ఖాళీ ఉండగా ఒక పెద్ద వీడియో మాత్రం ఎక్కనంటే అర్థం ఇదే. ఎక్స్‌ఫ్యాట్‌కూ ఒక బలహీనత ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ తాను చేయబోయే మార్పును ముందు చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో కేబుల్ ఊడినా ఆ చిట్టా చూసి సర్దుకుంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ చిట్టా లేదు. కాపీ జరుగుతుండగా లాగేస్తే పట్టిక సగంలో ఆగిపోవచ్చు. అందుకని 'ఎజెక్ట్' చేసి, లైటు నిలకడపడ్డాకే తీయాలి. పాత టీవీల్లో ఎక్స్‌ఫ్యాట్ ఆడకపోవచ్చు, టీవీ కోసమే అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ ప్రయత్నించండి.

డిస్క్ మధ్యలో నిజంగానే సెక్టర్లు చెడి, ఫోల్డర్ తెరవగానే కంప్యూటర్ బిగుసుకుపోతుంటే, అప్పుడు కూడా రిపేర్ సాఫ్ట్‌వేర్‌ను ముందు వాడకూడదు. చెక్‌డిస్క్ లాంటివి డిస్క్ మీదే మార్పులు రాస్తాయి. ముందు అంతే సైజు లేదా అంతకంటే పెద్ద డిస్క్ మరొకటి తెచ్చి, సెక్టర్‌కు సెక్టర్ నకలు తీయాలి. దీనికి జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అది మొండి సెక్టర్ దగ్గర పట్టుబట్టి కూర్చోదు. దాన్ని దాటేసి ముందు తేలిగ్గా వచ్చేవన్నీ రాసేస్తుంది. వదిలేసిన వాటి దగ్గరికి తర్వాత వస్తుంది, చిన్న చిన్న ముక్కలుగా మళ్లీ అడుగుతుంది. ఎక్కడిదాకా చదివిందీ, ఏవి రాలేదూ అన్నది ఒక మ్యాప్ ఫైల్‌లో ఎప్పటికప్పుడు నమోదు చేస్తుంది. పెద్ద డిస్క్‌కు ఇది ఒకటి రెండు రోజులు పట్టినా పట్టవచ్చు. మధ్యలో కరెంటు పోతే, వచ్చాక అదే ఆదేశం, అదే మ్యాప్ ఫైల్ ఇస్తే ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. రిపేర్లు, ప్రయోగాలు ఏం చేసినా ఆ నకలు మీద చేయొచ్చు.